వడ్లారబోసే గ్రౌండు

కొత్తగా పీఈటీ ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "మేడం, మీ అనుభవంతో మాకేమన్నా చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. కాగితంతో ఎవరూ వాదించలేరు. మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు.

ఇరవై ఆరేళ్ళు పిల్లలతో పరుగెత్తి, రెండు మోకాళ్ళూ అరగదీసుకుని, ఇంకా సర్వీసు ఉండగానే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నదాన్ని. ఏ సంవత్సరం ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. ఆ శాలువాలు ఇంట్లోనే ఉన్నాయి. చలికాలం కప్పుకుంటున్నాం.

మీకు ట్రైనింగులో గ్రౌండు కొలతలు నేర్పారు. పొడవెంత, వెడల్పెంత, గోలుకు గీత ఎంత దూరంలో ఉండాలి, అన్నీ కంఠతా వచ్చు. ఆ గ్రౌండు వచ్చే ఏడాదికి అక్కడే ఉంటుందా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. పరీక్షలో రాదు కదా.

ఖాళీ మనిషి, ఖాళీ జాగా

నా మొదటి పోస్టింగు కాటారం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా. హెడ్మాస్టరు లెక్కల సారు, మంచి మనిషే. కానీ ఆయన దృష్టిలో పీఈటీ అంటే ఖాళీగా ఉన్న మనిషి. వంట మనిషి రాకపోతే పీఈటీ. పరీక్ష పేపర్ల కట్ట తేవాలంటే పీఈటీ. పిల్లవాడు గోడ దూకితే పీఈటీ. అలాంటి మనిషి నిలబడే చోటు కాబట్టి గ్రౌండు కూడా ఆయనకు ఖాళీ జాగానే.

కొత్త గదులు మంజూరయ్యాయి. బడి వెనక రాళ్ళ జాగా ఉంది, పక్కన తుప్పల జాగా ఉంది. ఆయన గ్రౌండు నడిమధ్యలో నిలబడి, "ఈడ చదునున్నది, పునాదికి ఖర్చు తగ్గుతది" అన్నాడు. ఆ చదును నేనూ పిల్లలూ ఏడాది పొడుగునా రాళ్ళేరి చేసింది. కొత్తదాన్ని. నోరు మూసుకుని తలూపాను. ఆ తర్వాత మిగిలిన రెండు ముక్కల్లో ఖోఖో తప్ప ఇంకేదీ ఆడలేకపోయాం.

ఆయన మీద నాకు కోపం లేదు, నా మీదే ఉంది. నలుగురిలో నేను భయపడి నోరు మూసుకున్నది అదే ఆఖరుసారి. ఆ తర్వాత నా నోరు ఎలాంటిదో నన్ను ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్ళను అడగండి.

అరవడం ఎవరి భాషలో

మహబూబాబాద్ జిల్లాలో తండా పక్కన బడికి వెళ్ళినప్పుడు వయసులో ఉన్నాను, అన్నీ తెలుసనుకునేదాన్ని. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు తయారుచేశాను. ఆటలో వాళ్ళు ఒకరినొకరు ఇంటి భాషలో పిలుచుకునేవాళ్ళు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గ్రౌండులో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టాను. ఇంటి భాష మాట్లాడితే ఒక రౌండు పరుగు.

రూలు బాగా పనిచేసింది. పిల్లలు మాట్లాడడమే మానేశారు. పక్కన ఎవరున్నారో చెప్పేవాళ్ళు లేక బంతిని అటూ ఇటూ తన్నేసి, ఓడిపోయి వచ్చాం. మిరపకాయ ఏరడానికి వెళ్ళి వస్తున్న ఒక తల్లి గ్రౌండు దగ్గర ఆగి నన్ను అడిగింది. "నీకు సమజ్ కావాలెనని ఆడుతున్నరా మేడం, గెల్వాలెనని ఆడుతున్నరా?"

రూలు తీసేశాను. ఆమె ముందు మాత్రం నాదే తప్పని ఒప్పుకోలేదు. అప్పుడు ఒప్పుకోవడం నేర్చుకుని ఉంటే, తర్వాత జనగామ జిల్లాలో నేను చేసింది చేసేదాన్ని కాదు.

సున్నం

ఆ ఊరు కొడకండ్ల నుంచి లోపలికి వెళ్ళాలి. పేరు రాయను. అక్కడే ఎక్కువ ఏళ్ళు ఉన్నాను. బడి అయిపోయిన పిల్లలు కూలికి పోతూ, ట్రాక్టరు నడుపుతూ కూడా సాయంత్రం బంతి కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళతోనే క్లబ్బు పెట్టాం. కెప్టెన్ రవీందర్, వరికోత మిషన్ డ్రైవరు. సెక్రటరీని నేను.

మా గ్రౌండు బడిది కాదు, ఊరి చివర సర్కారు భూమి. పట్టా లేదు, ప్రహరీ లేదు. వానాకాలం, యాసంగి, రెండు కార్ల కోతలప్పుడూ ఊళ్ళో రైతులు అక్కడే వడ్లు ఆరబోసేవాళ్ళు. పక్కనే కొనుగోలు కేంద్రం, వడ్లు తూచే కాంటా కూడా అక్కడే. అంటే మా గ్రౌండు వాళ్ళకు కల్లం. ఆ మాట మీకింత తేలిగ్గా చెప్తున్నాను కానీ, నాకు మాత్రం చాలా ఏళ్ళ పాటు అది గ్రౌండే. వడ్లు నా గ్రౌండు మీద పడ్డ చెత్త.

ఒక యాసంగిలో టోర్నమెంటు పెట్టాను. తేదీలు మార్చుకోమని రవీందర్ మొత్తుకున్నాడు. "కోతల్ల నడిమిట్ల ఏంది మేడం, నేనే మిషన్ మీదుంట" అన్నాడు. వినలేదు. కుప్పలు ఒక పక్కకు జరపమని రైతులతో కొట్లాడాను. గొణుక్కుంటూ జరిపారు. మిగిలిన జాగాలో కుప్పల అంచు దాకా సున్నంతో గీతలు కొట్టించాను. గాలి తిరిగింది. నేను చూడలేదు. చూసినా పట్టించుకునేదాన్ని కాదేమో.

లచ్చవ్వ అని ఒక ముసలామె. మొగుడు లేడు, తనే వ్యవసాయం చేస్తుంది. టార్పాలిన్ పట్టాలు సగం వడ్లకే సరిపోయి, మిగతా సగం నేల మీద పోసింది. చీపురుతో ఊడ్చి కుప్ప చేసినప్పుడు సున్నం వడ్లతో కలిసింది. మిల్లు మనిషి గుప్పెడు తీసి చూసి, తెల్లపొడి ఉందని లాటు మొత్తం వెనక్కి పంపాడు. మళ్ళీ తూర్పారబట్టి ఆరబోసేలోపే వాన పడింది. వడ్లు మొలకెత్తాయి.

మొలకెత్తిన గింజలు కొంగులో పట్టుకుని ఆమె నా దగ్గరికి వచ్చింది. డబ్బులు అడగలేదు. "గిట్లెందుకు చేసినవ్ బిడ్డా" అని మాత్రం అడిగింది. నేనన్న మాట ఇది: "గ్రౌండుల వడ్లెవరు పొయ్యమన్నరు?"

పొరపాటు సున్నంలో ఉందని మీరనుకుంటే తప్పు. సున్నం గాలికి పోయింది. ఆ మాటను మాత్రం నేను తెలిసి తెలిసి అన్నాను.

దాతగారు

నేను రిటైరైన ఏడాదే దాతగారు ఊళ్ళో దిగారు. ఈ ఊరివాడే, హైదరాబాదులో కాంట్రాక్టులు. తల్లి పేరు మీద ఊరికి ఏసీ ఫంక్షన్ హాలు కట్టిస్తానన్నాడు. ఎక్కడ? మన చదును జాగా ఉందిగా.

ఊరికి హాలు అక్కర్లేదని నేననను. పెళ్ళి చేయాలంటే జనగామ పోవాలి, రోజు అద్దె కట్టాలి, భోజనాలు వ్యానులో మోయాలి. ఆడపిల్లల తల్లిదండ్రులు దాతగారి చేతులు పట్టుకున్నారు. సర్పంచి గ్రామసభ పెట్టి తీర్మానం చేస్తానన్నాడు. చేతులెత్తితే చాలు, గ్రౌండు పోతుంది. ఇంకో ఊళ్ళో ఆడుకోవడానికి మా వాళ్ళకు తీరిక లేదు, పని దిగి నేరుగా వచ్చే మనుషులు. గ్రౌండు పోతే క్లబ్బు పోయినట్టే.

దాతగారు మా ఇంటికి కూడా వచ్చాడు. క్లబ్బుకు జెర్సీలు కొనిస్తానన్నాడు. ఇక్కడ జెర్సీల గురించి ఒక మాట చెప్పి తీరాలి. అంతకుముందు ఒక నాయకుడు మాకు జెర్సీలిచ్చాడు. వీపు మీద నంబరుండాల్సిన చోట ఆయన ఫొటో. ఎలక్షన్లయ్యాక ఆ ఫొటోతో బయటికి వెళ్తే తంతారని మా గోల్‌కీపరు తిరగేసి తొడుక్కునేవాడు. మన జట్టుకు తిండి పెట్టేది ఒక్క మనిషే అయితే, ఆయన ఓడిపోయిన రోజు మనం కూడా ఓడిపోతాం. మీకు ఎవరన్నా జెర్సీలిస్తానంటే, మీ దగ్గర ఏముందని ఇస్తున్నాడో ముందు చూడండి.

"హాలు ఎనకాల మీ పోరగాండ్లకు జర జాగా ఇడుస్త మేడం" అన్నాడు దాతగారు.

"మా వాళ్ళు పోరగాండ్లు కాదు, ఆటగాళ్ళు. వెనకాల ఆడరు" అన్నాను. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

పాత హెడ్మాస్టరొకాయన ఫోన్ చేసి, మీకెందుకమ్మా, పెన్షన్ తీసుకుని హాయిగా ఉండక అని నచ్చజెప్పాడు. నన్నిప్పుడు ఎక్కడికీ ట్రాన్స్‌ఫర్ చేయలేరు సార్, అదే మీ అందరికీ బాధ అని పెట్టేశాను.

గోల్ పోస్టులు కోసుకున్నాం

గ్రామసభ కోసం గొప్ప ఉపన్యాసం రాసుకున్నాను. ఆటల వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ, ఉద్యోగాల్లో కోటా. రవీందర్‌కు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నది మేడం. గని ఊర్ల మనల్ని ఏమంటరో ఎరుకేనా? సున్నపోల్లు అంటరు. సున్నపోల్ల మాటకు చేతులెవరు ఎత్తుతరు?"

ఆ రాత్రి నిద్రపట్టలేదు అని రాయను. బాగానే పట్టింది. తెల్లారి లేచి లచ్చవ్వ పొలానికి పోయాను. నాట్లు చూసుకుంటోంది. గట్టు మీద నిలబడి చెప్పాను. సున్నం నేనే కొట్టించిన, తప్పు నాదే, ఆ రోజు నేనన్న మాట ఇంకా పెద్ద తప్పు, అవ్వా. బురదలోంచి పైకి రాకుండానే ఆమె అంది: "రెండేండ్లు పట్టింది నీకు గట్టెక్కనీకి."

క్షమించాననలేదు. ఇంకోసారి అడిగితే పని చెడగొడుతున్నానంది. నేను కదలలేదు. చివరికి నడుము పట్టుకుని లేచి నిలబడి అడిగింది.

"మీ ఇనుప కట్టెలకు ట్రాక్టరు తిరుగుతలేదు. ట్రాలీ రెండుసార్లు తాకింది. కోతలప్పుడు పీకుతవా?"

పీకడానికి లేదు, సిమెంటులో పాతినవి అన్నాను.

"మరి కల్లం మీద సిమెంటు పొయ్యమని నీకెవరు చెప్పిన్రు? పీకినంక రా, మాట్లాడుదం."

మా గోల్ పోస్టులు సామాన్యమైనవి కావు. మా వాళ్ళు ఒక ఎండాకాలమంతా కూలి డబ్బుల్లోంచి తీసిపెట్టి కొన్న పైపులు. వాటిని కోసేద్దామని నేనంటే క్లబ్బు రెండుగా చీలింది. గ్రౌండు కోసం కొట్లాడుతూ గోలు కోసుకుంటామా అని అరిచారు. నేనూ అరిచాను. దాతగారు వస్తే గోలు ఉంటుంది, గ్రౌండుండదు, ఏది కావాలో తేల్చుకోండి అన్నాను. ఆఖరికి రవీందరే వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ కట్టర్ తెచ్చాడు. నేల మట్టానికి నాలుగు పైపులూ కోసి పడేశాడు. దాతగారి మనుషులు చెట్టు కింద కూచుని నవ్వారు. ఒకడైతే వీడియో తీసి ఊరందరికీ పంపాడు, క్లబ్బోల్లే దుకాణం మూసుకుంటున్నరని.

ఆ వీడియో మా పని చేసిపెట్టింది. గోల్ పోస్టులు పోయాయని ఊళ్ళో ప్రతి రైతూ చూశాడు. ఎందుకు పోయాయని లచ్చవ్వను అడిగారు. ఆమె చెప్పింది. వారంలోగా నేలలో లావుపాటి పైపు ముక్కలు దింపాం. కోసిన పోస్టులు అందులో నిలబెడితే గోలు, ఎత్తేసి మూత పెడితే కల్లం. ఇద్దరు మనుషులు చాలు.

గ్రామసభ

దాతగారు పెద్ద ఫొటో తెచ్చాడు. హాలు, ముందు ఫౌంటెన్, పెళ్ళికూతురు దిగుతున్న మెట్లు. అందరూ మెడలు సాచి చూశారు. నా ఉపన్యాసం బ్యాగులోనే ఉంది. సర్పంచి నన్ను చూశాడు. నా నోరు లేస్తుందని అందరూ ఎదురుచూశారు. నేను లేవలేదు. ఎందుకంటే లచ్చవ్వ లేచింది.

"మంచిగున్నది పటేలా. ఫరష్ మీద వడ్లు పొయ్యనిస్తవా?"

కొందరు నవ్వారు. దాతగారూ నవ్వాడు. "అవ్వా, గది టైల్స్. రోడ్డు మీద పోసుకుంటున్నరు కద అందరు, మీరూ పోసుకోరి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మొన్నటి కోతలప్పుడు, పక్క ఊరికి కోడలిగా పోయిన మా ఊరి పిల్ల మొగుడు బండి మీద వస్తూ, రోడ్డు మీద నల్ల పట్టా కప్పిన కుప్ప చీకట్లో కనబడక ఎక్కించి, పడి, దవాఖానకు పోయేలోపే చచ్చిపోయాడు. ఆ కుప్ప పోసింది మా ఊరి రైతే. ఆ రోజు సభలో మూల కూచున్నాడు, తలొంచుకుని. నవ్వులు ఆగిపోయాయి.

లచ్చవ్వ ఆ రైతు వైపు చూడలేదు. చూస్తే సభంతా అటే చూస్తుందని ఆమెకు తెలుసు.

"పెండ్లి జనగాంల చేస్కుంటం. నాలుగు దినాలు పరేషాన్ అయితం, అయిపోతది. వడ్లు ఏడ పొయ్యాలె? ఆడేటోళ్ళు వాళ్ళ గోలు వాళ్ళే కోసుకున్నరు. నువ్వేం కోసుకుంటవ్ పటేలా?"

జాగా హాలుకివ్వాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు సర్పంచి. ఎత్తారు. కొందరు ఎత్తి దించారు. వద్దన్నవాళ్ళు ఎత్తమన్నాడు. లెక్కపెట్టే అవసరం రాలేదు. మూల కూచున్న ఆ రైతు రెండు చేతులూ ఎత్తాడు, ఒకటి దించమని ఎవరూ అనలేదు.

తీర్మానం రాస్తూ పంచాయతీ సెక్రటరీ పెన్ను ఆపాడు. ఏమని రాయాలి, ఆట స్థలమనా? "కల్లం అని ముందు రాయి. బంతి ఎనక రాయి" అంది లచ్చవ్వ. ప్రతిదానికీ వాదించే నేను అక్కడ వాదించలేదు. కల్లం, ఆట స్థలం. ఆ రెండు మాటలతోనే సర్వేయరు వచ్చి రాళ్ళు పాతి వెళ్ళాడు.

మేర

గ్రౌండు దక్కితే సగమే అయినట్టు. బంతి కొనాలి, వల కొనాలి, రఘునాథపల్లిలో మ్యాచ్ ఉంటే ఆటో కావాలి. చందా పుస్తకం పట్టుకుని తిరగడం నాకు చేతకాదు. మూడో ఇంటి దగ్గర గొడవ పెట్టుకుంటాను.

దారి ఊరే చూపింది. ఆ కారు వడ్లు ఆరబోసినప్పుడు మబ్బు పడితే, మా వాళ్ళందరూ ఉరికి వెళ్ళి ఊరి కుప్పలన్నిటికీ పట్టాలు కప్పారు. ఎవరిదని చూడలేదు. పగలు ఖాళీగా ఉన్నవాళ్ళు కాళ్ళతో గీరుతూ వడ్లు తిప్పారు. మొదట్లో లచ్చవ్వ వెక్కిరించింది, కాలు ఎత్తకుండా నడవరాదా బంతిని తన్నేటోళ్ళకు అని. అరికాలు నేలకు ఆనించి, గింజ నలగకుండా జరపాలి. నేను పదేళ్ళు అరిచినా రాని కాలి పట్టు ఆ పదిహేను రోజుల్లో వచ్చింది. ఈ ముక్క ఏ కోచింగ్ క్యాంపులో చెప్పినా నవ్వుతారు. నవ్వనివ్వండి.

కాంటా అయ్యాక లచ్చవ్వ ఒక తట్టెడు వడ్లు తెచ్చి గోలు పక్కన పోసింది. వెనకటి రోజుల్లో కుమ్మరాయనకు, వడ్రంగాయనకు కల్లం కాడ మేర ఇచ్చేవాళ్ళు, చేసిన పనికి పంటలో పాలు. "ఇగ బంతోళ్ళకు" అంది. ఆమె పోశాక ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. అవి మనం దానంగా తీసుకునేవి కావు. మబ్బు పట్టినప్పుడు మనం ఉరకకపోతే ఆ తట్ట రాదు. అందుకే అది ప్రతి కారూ వస్తుంది. ఆటో ఖర్చులు పోగా మిగిలింది బ్యాంకులో వేసి, ముట్టుకోకూడదని రాసుకున్నాం.

తట్ట పోసినవాళ్ళే క్లబ్బు సభ్యులు, కమిటీ వాళ్ళలోంచే. ఒక పొలానికి ఒకటే పేరు. భూమి ఎవరి పేరు మీదున్నా, సాగు చేసినవాళ్ళ పేరే.

నిరుడు దాతగారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చెప్పులు బయట విడిచాడు. లైట్లు పెట్టిస్తాడట, మెట్లు కట్టిస్తాడట, తనను గౌరవాధ్యక్షుడిగా వేసుకోమన్నాడు. రూలు చెప్పాను. ఒక తట్టెడు వడ్లు తెండి, ముందు సభ్యులవ్వండి.

"తట్టెడు ఏంది మేడం, లారెడు పంపిస్త."

"కొన్నయి వద్దు పటేలా. పండినయి కావాలె."

"నాకు గీ ఊర్లనే పదిహేనెకరాలున్నది. నా పొలంల పండినయే పంపిస్త."

"మీ పొలంల వడ్లు అచ్చినయి. ఐలయ్య తెచ్చి పోసిండు. ఒక పొలానికి ఒకటే పేరు."

కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నటించలేదు. కౌలు వసూలు చేసేది ఆయన గుమస్తా మరి.

"ఐలయ్య ఎవరు?" అన్నాడు.

"మీ పొలం చేసేటాయన. మా క్లబ్బు అధ్యక్షుడు" అన్నాను.